ఇసుకలో కాగిన గేరు నూనె

ఐరోపా యుద్ధం ముగిశాక, 1920ల మొదటి ఏళ్లలో, పుదుచ్చేరి వీధుల్లో మోటారు బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. వాటిలో చాలావాటిని నా షెడ్డుకే తెచ్చేవాళ్లు. నేను ఏ బడిలోనూ యంత్రవిద్య చదవలేదు. దొరల ఇళ్ల నుంచి పాత సామానుతో వచ్చిన యంత్రాల పుస్తకాల్లో బొమ్మలూ అంకెలూ చూసి నేర్చుకున్నాను. ముందు కొలవడం, తర్వాత విప్పడం నా పద్ధతి.

ఒక బుధవారం మునుసామి తన బండి తెచ్చాడు. అతనిది పట్టణానికి ఉత్తరాన ఉన్న జాలర్ల పల్లె కురుచికుప్పం. పడవలో తన వాటా అమ్మేసి, తన దేశానికి తిరిగిపోతున్న ఒక దొర దగ్గర పాత మోటారు కొన్నాడు. వెనక సీట్లు తీసేసి బల్లలు బిగించాడు. ఉత్తరపు ఒడ్డున వలలు లాగే చోటి నుంచి చేపల గంపలను, వాటిని అమ్మే ఆడవాళ్లను ఇసుక దిబ్బల మీదుగా పట్టణం మార్కెట్టుకు తేవడం అతని ఆలోచన.

“ఇంజిన్ బాగానే ఉరుముతాది రంగన్నా. బండే కదల్దు. రెండు తూర్లు దిబ్బ మీదనే నిలిచిపోయింది,” అన్నాడు.

అతని వెంట వచ్చిన మేనత్త కనకమ్మ ఆ చేపలమ్మే ఆడవాళ్లందరికీ పెద్ద.

“మోటార్లో పోతాండానని పక్కింటామెకు చెప్పి మరీ ఎక్కినా. దిగి తోసి తోసి, తిరిగొచ్చేటప్పటికి చీరంతా ఇసకే,” అందామె.

“అత్తా, నువ్వు గమ్మునుండు.”

“నేను గమ్మునుంటా. ఎండలో చేపలు గమ్మునుంటాయా? ఆదివారం ఒక్క తూరి ఎక్కుతాం. అప్పుడూ నిలిస్తే మా గంపలు ఎద్దుల బండికే.”

మునుసామి తల వంచుకున్నాడు. పడవలో వాటా ఇప్పుడు వేరేవాళ్లది. గంపలు రాకపోతే అతనికి సముద్రమూ లేదు, మోటారూ లేదు.

ఆ బండిలో చేత్తో మార్చే గేరు కర్ర ఉండదు. పెడల్ తొక్కితే డ్రమ్ అనే గుండ్రటి ఇనుప గిన్నె చుట్టూ బ్యాండ్ అనే పట్టీ బిగుసుకుంటుంది. అప్పుడు బండి నెమ్మదిగా, కానీ ఎక్కువ బలంతో కదులుతుంది. ఇసుకలో బరువు పెరిగితే పట్టీ కొంచెం కొంచెం జారి డ్రమ్‌ను రాసుకుని వేడి పుట్టిస్తుంది. ఆ వేడినంతా, డ్రమ్ తిరిగే గేర్ బాక్స్‌లోని నూనె తీసుకుని, ఇనుప పెట్టె గోడల ద్వారా బయటి గాలికి వదలాలి. నూనె మరీ కాగితే నీళ్లలా పలచబడుతుంది, పట్టీ మాడుతుంది, ఇక పట్టు ఉండదు.

మునుసామీ నేనూ ఖాళీ బండితో దిబ్బ దాకా వెళ్లి, అది నిలవగానే థర్మామీటర్ పెట్టి చూశాను. ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో నీళ్లు ఎనభై డిగ్రీలున్నాయి. గేరు నూనె నూట ముప్పై దాటింది. అంత తేడా నా లెక్కకు అందలేదు. పుట్టిన వేడి ఎక్కడో బయటికి పోలేక ఆగిపోతున్నదని మాత్రం తెలిసింది. నూనె చల్లారాక షెడ్డుకు తిరిగి వచ్చి, బండి కిందికి దూరాను. గేర్ బాక్స్ ఇనుము కనబడలేదు. దాని మీద వేలెడు మందాన నల్లటి పూత, పూతలో కూరుకుపోయిన ఇసుక.

“ఇదేంది మునుసామీ?”

“గుగ్గిలమన్నా. ఉప్పుగాలి ఇనుమును తినేస్తాది గదా. పడవకు పూసినట్టే నూనెలో కాచి పూసినా. ఒక తూరి కాదు, మూడు పూతలు.” అతని గొంతులో గర్వం దాగలేదు.

“పడవకు చెమట పట్టదు. దీనికి పట్టాల.”

“ఎండాకాలంలో మొగుడికి కంబళి కప్పినట్టుండాది,” అంది షెడ్డులోనే కాచుకుని ఉన్న కనకమ్మ.

మునుసామి నవ్వలేదు. “గీకేస్తే తుప్పు పట్టదా అన్నా?”

“వారానికొక తూరి మంచినీళ్లతో కడుగు. నూనె గుడ్డతో పలచగా తుడువు. అంతే చాలు.”

గుగ్గిలం పట్టు నా ఉలికి లొంగలేదు. మర్నాడు పొద్దున కనకమ్మ నలుగురు ఆడవాళ్లతో, చేపల కత్తులతో షెడ్డుకు వచ్చింది. కొంచెంసేపు ఇంజిన్ తిప్పి పూతను మెత్తబరిచి, బండిని దుంగల మీదికి ఎత్తించాను. వాళ్లు చాపలు పరుచుకుని కిందికి దూరి, వంజరానికి పొలుసు తీసినట్టు గీకడం మొదలుపెట్టారు.

“దీనికి ముళ్లు గూడా తీయాల్నా?” అని లోపలి నుంచి ఒక గొంతు.

“తల వదిలేయండి, పులుసుకు కావాల,” అని ఇంకొకటి.

వంగి చూస్తున్న మునుసామికి అప్పటికి నవ్వొచ్చింది.

ఇనుము బయటపడ్డాక మళ్లీ దిబ్బ దాకా వెళ్లి కొలిస్తే నూనె నూట ఐదు డిగ్రీలు. ఖాళీ బండికే అంత. గంపలూ మనుషులూ ఎక్కితే చాలదు. సుద్దముక్కతో నేల మీద లెక్క వేసి, కంచరి చేత రాగి గొట్టం వంపులు తిప్పించాను. లోపల తిరిగే చక్రం చిమ్మే నూనెను ఒక గరాటు పడుతుంది. నూనె ఆ గొట్టంలో పడి, బండి ముందు గాలికి తిరిగి, వాలుగా మళ్లీ పెట్టెలోకి చేరుతుంది.

ఆదివారం బండి నిండుగా కదిలింది. నేను మునుసామి పక్కన కూర్చున్నాను. దిబ్బ మొదలు కాగానే అతను పెడల్ సగమే తొక్కాడు.

“సగం తొక్కొద్దు. సగం తొక్కితే పట్టీ జారతాది. పూర్తిగా తొక్కు,” అన్నాను.

వెనక ఆడవాళ్లు అప్పటికే కొంగులు నడుముకు దోపుకున్నారు.

“దిగేదా?” అంది కనకమ్మ.

“దిగొద్దత్తా.”

చక్రాలు ఒక్క క్షణం ఇసుకను కోసుకుని, తర్వాత పట్టుకున్నాయి. బండి మూలుగుతూ, ఎక్కడా ఆగకుండా దిబ్బ పైకి చేరింది. పైన ఆపమని చెప్పి, దిగి థర్మామీటర్ పెట్టాను. ఎనభై ఎనిమిది. నమ్మకం చాలక ఇంకోసారి పెట్టాను.

“కొలిచింది చాలు నాయనా, ఈడ చేపలు కాగిపోతాండాయి,” అని వెనక నుంచి కేక వచ్చింది. బండంతా నవ్వింది. మార్కెట్టు చేరేదాకా ఆ నవ్వు ఆగలేదు. గంపలు దించాక కనకమ్మ మునుసామితో, “రేపు తెల్లారే రా,” అని మాత్రం అని లోపలికి పోయింది. అతను వెనక్కి వెళ్లి బల్లల మీది ఇసుక దులపడం మొదలుపెట్టాడు.

ఆనాటి నుంచి షెడ్డుకు ఏ బండి వచ్చినా ఏం చెడిందని మొదట అడగను. దీన్ని ఎట్లా చూసుకుంటున్నావని అడుగుతాను. పట్టించుకోని బండిలో జబ్బు పైకే కనిపిస్తుంది. ప్రాణంలా చూసుకునే బండికైతే ఆ ప్రేమ ఎక్కడ మందంగా పూసి ఉందో కిందికి దూరి చూడాలి.