పూత మీద పూత

నేను గ్యాస్ సెన్సర్లు బాగుచేస్తానని చెప్పగానే చాలామంది ఇంట్లో సిలిండర్ రెగ్యులేటర్ ఊడదీసుకొని వస్తారు. సరే, అదీ చూసి పంపిస్తాను. నా అసలు పని వేరు. ఫ్యాక్టరీ గోడలకు బిగించి ఉండి, గ్యాస్ లీకైతే గట్టిగా మొత్తుకునే చిన్న డబ్బాలు నల్లగొండలోని నా కిరాయి గదికి మరమ్మతుకు వస్తాయి. తెలంగాణ వచ్చిన కొత్తలో తెరిచాను ఈ గదిని. అప్పట్లో వచ్చినవాళ్లు నన్ను చూసి "మెకానిక్ లేడా అమ్మా?" అని అడిగేవారు. "ఉన్నడు, నేనే" అనేదాన్ని. ఇప్పుడెవరూ అడగరు.

మాది నారాయణపేటలో నేతపని చేసే ఇల్లు. అక్కను నార్కట్‌పల్లి దగ్గరి ఊరికి ఇచ్చారు. రోడ్డు పక్కన ఉన్న పాల చిల్లింగ్ సెంటర్‌లో ఆమె క్యాన్లు కడుగుతుంది. పాలను చల్లబరిచే యంత్రంలో తిరిగేది అమ్మోనియా. ఆ పైపులు క్యాన్లు కడిగే గది మీదుగానే పోతాయి. ఒకసారి అది లీకై, అక్క దవాఖానలో పడుకొని వచ్చింది. అప్పటి నుంచి ఆమె ఛాతీ మునుపటిలా లేదు. ఇంకోసారి ఆ గ్యాస్ పీలిస్తే తట్టుకోలేదని డాక్టర్ నాతోనే అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు భయం పట్టుకుంది.

ఆ గదిలో సెన్సర్ ఉందని తెలుసు. అయినా అనుమానంతో అడిగాను.

"ఉన్నది గని, రోజు మొత్తుకుంట ఒర్రుతనే ఉంటది చెల్లె. మేం వేడినీళ్లు కొట్టుడు షురూ చేస్తె చాలు, ఒర్రుతది. అందుకే దానికి పాల ప్యాకెట్ కవర్ కట్టి, రబ్బర్ బ్యాండ్ ఏసిన్రు" అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. కవర్ కడితే నీళ్లు పోవు, నిజమే. మరి గ్యాస్ ఎట్లా పోతుంది? మర్నాడే బస్సెక్కి వెళ్లాను. సెంటర్ చూసుకునే పెద్దమనిషి తాపీగా "దాన్ని జర కిందికి దింపుదాం మేడం, ఆవిరి తగలదు" అన్నాడు. అమ్మోనియా కూడా పైకే పోతుందని చెప్పి, డబ్బా ఊడదీసి సంచిలో వేసుకొని వచ్చేశాను.

ఇంటికొచ్చి విప్పితే అనుకున్నంతా అయింది. సెన్సర్ లోపల గోరంత పింగాణీ పలక ఉంటుంది. దాని మీద, రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందులోకి ఒకటి దూర్చినట్టు, సన్నటి వెండి గీతలు ఉంటాయి. వాటి మధ్య గ్యాస్‌ను పసిగట్టే పొడి. తేమ తగిలితే వెండి నల్లబడి, గీత నుంచి గీతకు పాకుతుంది. అప్పుడు గ్యాస్ లేకున్నా కరెంటు పారుతుంది, డబ్బా మొత్తుకుంటుంది. పాపం, దాని తప్పేమీ లేదు.

కొత్త పలక తీసుకొని గీతల మీద నీటిని ఆపే పూత దట్టంగా పూశాను. వేడి చేయగానే నెర్రెలు విచ్చింది. ఇంకో పలకకు పొడితో సహా అంతా కప్పి పూశాను. నీళ్లు దిగలేదు. గ్యాసూ దిగలేదు! పాల ప్యాకెట్ కట్టినవాళ్లను మనసులో అన్ని మాటలనుకున్న దాన్ని, అదే పనిని ఖరీదైన పదార్థంతో చేశాను. నవ్వొచ్చింది.

అప్పుడు నాయిన గుర్తొచ్చాడు. పొద్దున్నే వీధి పొడుగునా, మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు చాపి, కుంచెతో గంజి పట్టించేవాడు. మేం ఒకేసారి ఎక్కువ పూసి ఆటకు పోదామని చూస్తే కోపం వచ్చేది ఆయనకు. "పల్చగ పెట్టున్రి. ఆరనియ్యిన్రి. మళ్ల పెట్టున్రి. దండిగ పూస్తె దారం పెటుక్కున ఇర్గుతది" అనేవాడు. నేనూ అట్లాగే చేశాను. ముందు వెండి గీతల మీద మాత్రమే గాజులాంటి పల్చని పూత. ఆరాక దాని మీదే ఇంకొకటి. పొడిని తాకలేదు. చివరగా మొత్తం మీద మరో రకం పూత, నీటి బొట్టును జార్చేసి గాలిని మాత్రం రానిచ్చేది.

పరీక్షకు మా ఇడ్లీ పాత్రే దిక్కయింది. ఆవిరిలో పెడితే పలక కిక్కురుమనలేదు. అమ్మోనియా నీళ్లలో తడిపిన దూదిని దగ్గరికి తెచ్చానో లేదో, మోత మోగించింది. వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ పాత్రలో మళ్లీ ఇడ్లీ వండలేదు, అది వేరే సంగతి.

సెన్సర్ నేనే బిగించాను. కవర్ కడితే ఊరుకోనని అందరికీ చెప్పి వచ్చాను. వానాకాలమంతా అది నోరు మెదపలేదు. కానీ మనుషుల మనసులో పాత మోతే ఉండిపోయింది.

ఒక పొద్దున గది నిండా ఆవిరి ఉండగా డబ్బా మొత్తుకుంది. "మళ్ల నీళ్లు వొయినయి దాన్ల" అని నవ్వి తక్కినవాళ్లు క్యాన్లు కడుగుతూనే ఉన్నారట. ఆ గదిలో ఎప్పుడూ కొద్దిగా వాసన ఉండేదే, ముక్కులు దానికి అలవాటుపడ్డాయి. అక్క మాత్రం చేతిలో క్యాన్ వదిలేసి, అందరినీ రెక్కలు పట్టి బయటికి గుంజిందట. వాళ్లు గేటు దాటేసరికి పైపు జాయింటు ఊడి గది అమ్మోనియాతో తెల్లగా నిండిపోయిందట.

గేటు బయటి నుంచే నాకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"అందరు నవ్వుతుంటె నువ్వొక్కదానివి ఎందుకురికినవ్ అక్కా? ఇన్నేండ్లు అది ఉత్తగనే ఒర్రింది గద" అన్నాను.

"గప్పుడు ఒర్రింది పాతది. గిది నువ్వు చేసింది గదనే" అంది.

అక్కను గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నాను. ఫోన్ చెవికి అదిమిపెట్టుకొని విన్నాను. పీల్చింది, వదిలింది. దగ్గు రాలేదు.