చీటీల పక్షంలో చివరి రోజు

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. మిషన్ హాస్టల్లో జొన్నలు కొలిచి వంటవాళ్లకు అప్పజెప్పే పని చేయబట్టి అలా తయారయ్యానని మా అక్క అంటుంది గానీ, అంతకు ముందు నుంచే ఉంది. ఎవరైనా నన్ను చూసి నవ్వితే, ఎందుకు నవ్వాడా అని సాయంత్రం దాకా ఆలోచించే మనిషిని. అలాంటివాణ్ని పట్టుకుని మా ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు చీటీల పక్షానికి కాపలా పెట్టారు.

చీటీల పక్షం అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. రెండో యుద్ధం ఇంకా మొదలు కాని రోజులు. కడపలో ఏటా చలికాలంలో కప్పు ఆటలు జరిగేవి. వాటికి నెల ముందు పదిహేను రోజుల గడువు ఉండేది. ఆ పదిహేను రోజుల్లో ఏ ఆటగాడైనా తన క్లబ్బు వదిలి ఇంకో క్లబ్బుకు పోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోటీల కార్యదర్శి ఒక ప్లీడరు గారు. కొత్త క్లబ్బువాళ్లు రాసి తెచ్చిన చీటీ మీద ఆటగాడు ఆయన వరండాలోకి వచ్చి స్వయంగా సంతకం పెట్టాలి. చివరి రోజు పొద్దుగూకే వేళకు గుమాస్తా వరండాలో దీపం పెట్టేవాడు. దీపం పెట్టాక ఎవరొచ్చినా లాభం లేదు. ఆ ఏడంతా పాత క్లబ్బులోనే ఉండిపోవాలి.

ఉన్నవి మూడు క్లబ్బులు. రైలు షెడ్డువాళ్లు ఉద్యోగం చూపి ఆటగాళ్లను లాగేవారు. పోలీసు లైన్లవాళ్లు ఖాకీ బట్టలు చూపి లాగేవారు, అది పని చేయకపోతే మీసం చూపేవారు. మిషన్ బడిలో చదివినవాళ్లు పెట్టుకున్న మా క్లబ్బుకు చూపడానికి ప్రార్థన తప్ప ఏమీ లేదు. పక్షం మొదలయ్యే ముందు ఆదివారం మా ఆటగాళ్లందరినీ, హిందువులనూ సాయిబుల పిల్లలనూ కూడా, చర్చిలో ముందు వరుసలో నిలబెట్టి పాదిరి గారి చేత ప్రార్థన చేయించేవాళ్లం. దేవుడి ముందు అంతసేపు నిలబడ్డాక క్లబ్బు మారడానికి ముఖం చెల్లదని మా ఆశ. చాలామందికి సుఖంగా చెల్లేది.

ఇక ఆ పదిహేను రోజులు ఊళ్లో ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. క్లబ్బు మారబోయే ఆటగాడికి, తల్లికి సీరియస్ అని దొంగ టెలిగ్రాం వచ్చేది. ఆటగాడు ఏడుస్తూ ఊరికి పరుగెత్తేవాడు. అక్కడ తల్లి గడపలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ, ఇప్పుడెందుకు వచ్చినావురా అనేది. ఈలోగా గడువు దాటిపోయేది. ఒకసారి మా సెంటర్ ఫార్వర్డును ఎవరో అహోబిలం యాత్రకని తీసుకుపోయి తొమ్మిది నరసింహ స్వాములకూ మొక్కించి, దిగి వచ్చాక నేరుగా ప్లీడరు వరండా ఎక్కించారు. అతనికి పుణ్యం వచ్చింది, మాకు ఆ ఏడు గోల్సు రాలేదు. అప్పటి నుంచే నన్ను కాపలా పెట్టారు.

నేను కుడి బ్యాకును. ఎడమ బ్యాకు నా స్నేహితుడు. కోడుమూరు దగ్గరి మెట్ట పల్లె అతనిది. వరుసగా రెండేళ్లు వానలు లేకపోతే భార్యను వెంటబెట్టుకుని కడపకు వచ్చి నాపరాళ్ల గనిలో బండలు కోసే పనిలో కుదిరాడు. ఒక సాయంత్రం మా మైదానం పక్క నుంచి పోతూ, గీత దాటి వచ్చిన బంతిని ఉత్త కాలితో తన్నాడు. అది మైదానం అవతల పడింది. ఆ రోజే అతన్ని క్లబ్బులో చేర్చుకున్నాం. అప్పటి నుంచి ఆరేళ్లు మేమిద్దరం పక్కపక్కన ఆడాం. నేను ముందుకు పోతే అతను వెనక నిలిచేవాడు. చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. నిజం చెప్పాలంటే, నన్ను మంచి ఆటగాడని ఊరు అనుకోవడానికి కారణం అతను. ఆ సంగతి నాకొక్కడికే తెలుసని నా ధైర్యం.

ఆ ఏడు అతనికి దగ్గు పట్టుకుంది. గనిలో రాతి దుమ్ము తెల్లగా లేచి కనుబొమల మీద కూడా కూర్చునేది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ అతని రొమ్ము మీద గొట్టం పెట్టి విని, ఈ పని మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని గట్టిగా చెప్పింది. పక్కన నేనే ఉన్నాను. బయటికి వచ్చాక అతను నవ్వాడు.

"మానుకోని ఏం తినేదప్పా? బండలు తింటామా?"

జొన్నలు కొలిచే నా ఉద్యోగం నా ఒక్కడి కడుపుకే సరిగ్గా సరిపోయేది.

చీటీల పక్షం వచ్చింది. నేను కళ్లలో వత్తులు వేసుకుని అందరినీ చూస్తున్నాను. మొదటి వారంలోనే అతని మీద నాకు అనుమానం తగిలింది. స్టేషన్ దగ్గర రైలు షెడ్డు ఫోర్‌మన్‌తో నిలబడి మాట్లాడుతూ కనిపించాడు. నన్ను చూడగానే మాట ఆపేశాడు. ఇంకో రోజు గనికి పోతే, ఒక బండ మీద సుద్దతో తన సంతకం రాసి చెరిపి మళ్లీ రాస్తున్నాడు. సంతకం పెట్టడం అతనికి నేర్పింది నేను. ఆరేళ్లుగా వంకరగా పెడుతున్నవాడికి ఇప్పుడే ఎందుకు ముచ్చట పుట్టింది? మరో రోజు దారిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"అప్పా, మీ నాయన పేరు పూర్తిగా ఏందప్పా?"

నేను చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఏదో దాచడానికి పక్క మాటలు మాట్లాడుతున్నాడనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. పోతే పోతానని చెప్పి పోవచ్చు కదా! డాక్టరమ్మ మాట నాకు గుర్తు లేక కాదు. షెడ్డులో కొలువు దొరికితే అతను ఆ దుమ్ములోంచి బయట పడతాడని నాకు బాగా తెలుసు. అయినా అతను పోతే ఎడమ పక్కన ఎవరుంటారు, నా బండారం ఎన్ని రోజులు దాగుతుంది, ఇవే నా మనసులో తిరిగాయి. ఈ మాట ఇలా రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

బద్వేలు దారిలో, కడపకు పదహారు మైళ్ల దూరంలో మా అక్క ఊరు. అక్కడి చర్చిలో కోత పండుగ సరిగ్గా గడువు ముగిసే ముందు రోజు, ఆదివారం నాడు వచ్చింది. పంటలో మొదటి భాగం తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ. రమ్మని పిలిస్తే అతను వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకోవడం కూడా నాకు నచ్చలేదు. సంచిలో తెల్లటి పొడుగు చేతుల చొక్కా ఒకటి మడత పెట్టి తెచ్చుకున్నాడు. అతనికి అలాంటి చొక్కా లేదు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నాడన్నమాట. పండుగ రోజు మాత్రం దాన్ని తీయలేదు, పాత బనీనుతోనే చర్చి బయట నిలబడి జొన్న మూటలు, గుమ్మడికాయలు బండ్ల మీది నుంచి దించిపెట్టాడు. దగ్గు వస్తే పక్కకు పోయి దగ్గి వచ్చేవాడు. మా అక్క అతన్ని చూసి ముచ్చటపడింది.

"ఎంత మంచోడురా మీవాడు. నీకు మాదిరి మూతి ముడుచుకోని కూచోడు."

ఆ సాయంత్రం అతను నా పక్కన కూర్చుని అన్నాడు. "రేపు పొద్దున బస్సుకు మనిద్దరం కడపకు పోవల్లప్పా. శానా ముఖ్యమైన పని ఉండాది. నువ్వూ కచ్చితంగా రావల్ల."

"నేనెందుకు?"

"రాప్పా, చెప్తా గదా." అంటూ నవ్వాడు.

నన్ను వెంట తీసుకుపోయి నా కళ్లెదుటే సంతకం పెడతాడా! ఎంత గుండె! బద్వేలు నుంచి కడపకు రోజుకు ఒకటే బస్సు, పొద్దునే మా అక్క ఊరి మీదుగా పోయేది. సోమవారం ఇంకా తెల్లవారుతుండగానే లేచి, అతని సంచిలోంచి ఆ తెల్ల చొక్కా తీసి, విడిచిన గుడ్డల్లో కలిపి, వాకిట్లోకి వచ్చిన చాకలామెకు వేసేశాను. ఆమె మూట కట్టుకుని వాగుకు పోయింది. అతను లేచి సంచి చూసుకున్నాడు. మా అక్క పొరపాటున వేసి ఉంటుందని నేనే చెప్పాను. ప్లీడరు గారి ముందుకు చినిగిన బనీనుతో పోలేక, అతను వాగుకు పరుగెత్తాడు. అతను తిరిగి వచ్చేసరికి బస్సు దుమ్ము కూడా కనబడలేదు.

నా పని అయిపోయిందనుకున్నాను. కానీ అతను చొక్కా కంప మీద ఆరేసి, సగం ఆరగానే తొడుక్కుని, సంచి భుజాన వేసుకున్నాడు.

"నడుచ్చాం పా. మన కాళ్లకు పదహారు మైళ్లు ఒక లెక్కనా?"

మధ్యాహ్నం కాకముందే బయలుదేరాం. అతను ముందు, నేను వెనక. చలికాలం దగ్గరపడినా ఎండకు నేల పేలాలు వేయించేట్టు ఉంది. అతను ఆగి దగ్గి, నోరు తుడుచుకుని, మళ్లీ అంతే వేగంగా నడిచేవాడు. నేను పొద్దును చూస్తూ నడిచాను. ఇలా నడిస్తే దీపం వేళకు ముందే చేరుతామని నాకు అర్థమైంది. పెన్నలో మోకాటి లోతు నీళ్లు దాటి ఒడ్డెక్కాక, తుమ్మ చెట్ల కింద, అమ్మా అని అరిచి కూలబడ్డాను.

"ఏమాయప్పా?"

"ముల్లు. లోపల విరిగిపాయె."

అతను సంచి కింద పెట్టి, నేల మీద చతికిలబడి, నా పాదం తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తెల్ల చొక్కా మీద నా కాలి బురద అంటింది. ముల్లు లేదు. ఉంటే కదా దొరకడానికి! అతను తుమ్మ ముల్లు ఒకటి కోసి దాని మొనతో నా అరికాలు అంగుళం అంగుళం వెతికాడు. ఉమ్ము రాసి చూశాడు. ఈడనా, ఈడనా అని అడుగుతూ పోయాడు. నేను ఒకసారి ఇక్కడ అన్నాను, ఒకసారి అక్కడ అన్నాను. బండ కోసీ కోసీ అతని వేళ్లన్నీ చీలికలు. ఎంత మెల్లగా పట్టుకున్నాడో!

అప్పుడే కడప వైపు పోయే లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు ఉందన్నాడు. అయిపోయింది, ఎక్కి పోతాడనుకున్నాను.

"నువ్వు పో" అన్నాను, పోడేమోనన్న ఆశతోనే.

అతను లారీ వైపు, పొద్దు వైపు, నా కాలి వైపు చూశాడు. "వద్దులేన్నా, నువ్వు పో" అని డ్రైవరుతో అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు లేకుండా నేనొక్కన్నే పోయి ఏం జేసేది?" అన్నాడు. వెనకాల మూటల మీదైనా ఇద్దరం ఎక్కుతామని అతను అడిగే లోపల లారీ కదిలిపోయింది.

ఆ మాటకు నాకు లోపల సంతోషం కలిగింది. నేనంటే అతనికి అంత ప్రేమ అనుకుని ఉబ్బిపోయాను కూడా. మిగిలిన దారంతా నా చేయి తన భుజం మీద వేసుకుని నడిపించాడు. నేను కుంటుతూ నడిచాను. మధ్యలో కాలు మార్చి కుంటకుండా జాగ్రత్తపడ్డాను.

ప్లీడరు గారి వీధి మలుపు తిరిగేసరికే వరండాలో దీపం కనబడింది. అతను నా చేయి వదిలి పరుగెత్తాడు. గుమాస్తా బల్ల సర్దుతున్నాడు.

"దీపం పెట్టేసినానప్పా, ఇంగ లాభం లేదు. షెడ్డు ఆయప్ప మధ్యాన్నం నుంచి మీ కోసరం ఈడనే కూచోనుండె. ఇప్పుడే రైలుకు పాయె. ఇవి మీకిమ్మన్యాడు."

రెండు చీటీలు. రెండు! నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. అతను దీపం వెలుగులో వాటిని చూసి, ఒకటి తను ఉంచుకుని, రెండోది తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని మీద నా పేరు ఉంది. కింద మా నాయన పేరు, ఒక్క అక్షరం పోకుండా పూర్తిగా ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"వాళ్లు నాకొక్కనికే కొలువిస్తామన్న్యారప్పా. ఇద్దరికీ ఇస్తేనే వస్తాం, లేకుంటే రామని నేను కూచ్చున్యా. మొన్ననే ఒప్పుకున్న్యారు. నీకు ముందే చెప్పల్సింది. యాడ తప్పిపోతే బాధపడ్తావోనని చెప్పల్యా." కాసేపు దగ్గి, మళ్లీ అన్నాడు. "తప్పు నాదేప్పా. మనసులో పెట్టుకోవద్దు."

అప్పుడు చెప్పాల్సింది. చొక్కా సంగతి, ముల్లు సంగతి అంతా చెప్పి అతని కాళ్ల మీద పడాల్సింది. నా నోరు వేరే మాట అన్నది.

"పోనీలేప్పా."

నేనతన్ని క్షమించాను. ఆ పాపిష్టి మాటతో అతని ముఖం తేలికపడింది. ఇంటికి పోదాం పా, కాలికి పసుపు కట్టిస్తానన్నాడు.

ఆ రెండు కొలువులూ షెడ్డువాళ్లు వేరేవాళ్లకు ఇచ్చేశారు. మరుసటి ఏడు ఆ ఫోర్‌మన్ బదిలీ అయిపోయాడు, తర్వాత మమ్మల్ని పిలిచినవాళ్లు లేరు. అతను గనికే పోయాడు. ఆ ఏటి కప్పు ఆటల్లో, నా కాలు బాగాలేదని నమ్మి, నా వైపు వచ్చే బంతికి కూడా తనే పరుగెత్తాడు. పరుగెత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని వంగి దగ్గేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. కప్పు మాకే వచ్చింది. మా క్లబ్బువాళ్లు నా కాపలాను మెచ్చుకుని నా మెడలో కూడా ఒక దండ వేశారు.

చెప్పాలని ఎన్నోసార్లు పోయాను. ప్రతిసారీ అతనే ముందు, కాలు ఎట్లుండాదప్పా అని అడిగేవాడు. నేను తిరిగి వచ్చేవాణ్ని.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు అతను మంచం పట్టాడు. గని వదిలేసేసరికే ఊపిరి మిగల్లేదు. ఈసారి చెప్పకుండా రానని ఒట్టు పెట్టుకుని పోయాను. గోడకు ఆనించిన దిండ్ల మీద కూర్చుని ఉన్నాడు. మాట ఒక్కొక్కటే వస్తోంది. నన్ను గడపలో చూసి, చేయెత్తి భార్యను పిలిచాడు.

"ఆయప్పకు పీట ఎయ్యి. నిలబడల్యాడు. కాలు మంచిది గాదు."

ఆమె పీట తెచ్చి వేసింది. నేను కూర్చున్నాను.