ముందుకు ఒక గేరు, వెనక్కి నాలుగు: జనరేటరు ఇంజినుతో ఐరాల ప్రయాణం

తిరుపతిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురు సందులో నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయే కాలంలో ఒక జనరేటరు కొనుక్కున్నాను. ఐదు హార్స్‌పవరు ఫోర్ స్ట్రోక్ ఇంజిను, పెట్రోలు మీద నడిచేది. ఇన్వర్టరు వచ్చాక దానికి పని లేకుండా పోయింది. ఆరేళ్ళుగా అది మెట్ల కింద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చీరలకూ పంచెలకూ నూనె అంటించడం తప్ప ఇంకేమీ చేయలేదు. పాతసామాన్ల వ్యాపారి తూకానికి అడిగాడు. తాడు లాగితే రెండో గుంజుకే అందుకునే ఇంజినును తూకానికి ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

ఐరాలకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో మా అన్న చెంగల్రాయుడు ఉంటాడు. ఊరి వెనక గుట్ట మీద అరవై తోతాపురి మామిడి చెట్లను తన చేత్తో నాటి పెంచాడు. మోకాళ్ళు అరిగిపోయి రెండు కాపులుగా ఆయన గుట్ట ఎక్కలేదు. బండల మధ్య దారి ఇరుకు, ట్రాక్టరు పట్టదు. మోటారుసైకిలు వెనక కాలు వేసి కూర్చోలేడు. ఇక తోట ఎందుకని అమ్మకానికి పెట్టాడు. పక్క ఊరి ఆసామి ఆదివారం సాయంత్రం ఐదుకు వచ్చి మాట తీసుకుపోతాడని వదిన ఫోన్లో చెప్పింది. చెబుతూ చెబుతూ, ఐరాలలో ఖాజా అనే మెకానిక్కు పాత ఇంజిన్లతో తోటల్లో తిరిగే బండ్లు కడుతున్నాడని కూడా చెప్పింది. ఆ రెండో మాట ఎందుకు చెప్పిందో నాకు అర్థమైంది.

ఖాజాకు ఫోన్ చేశాను. పాత వ్యాను గేరుబాక్సు, వెనక ఇరుసు వేసి ఒక బండి కట్టి పెట్టాననీ, దానికి ఇంజిను ఒక్కటే తక్కువనీ అన్నాడు. "ఇంజిను ఎత్తుకోని రాక్కా, మద్యానానికంతా బిగించిస్తా," అన్నాడు. ఇంజిను షాఫ్టు కొలతలు, నాలుగు ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. దానికి సరిపోయే పుల్లీని ముందే చిత్తూరులో లేతు మిషను మీద చేయించి ఉంచాడు. శనివారం మా వీధి ఎలక్ట్రీషియన్ కరెంటు పుట్టించే భాగాన్ని విడదీసి ఇంజినును వేరు చేశాడు. పెట్రోలంతా ఒంపేసి, తుడిచి, గోనెసంచిలో మూటగట్టాను. ఇరవై కిలోల లోపే ఉంటుంది, కానీ ఎటు పట్టుకున్నా ఏదో ఒకటి గుచ్చుకుంటుంది.

ఆదివారం ఉదయం ఆరుంబావుకు తిరుపతిలో కాణిపాకం బస్సు ఎక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు కొట్టిచ్చాడు. తరవాత మూటను కాలితో తట్టాడు.

"ఇదేంది?"

"ఇంజినప్పా. జనరేటరుది."

"పెట్రోలుండాదా?"

"సుక్క గూడా లేదు. ఒంపేసినాను."

ఆయన టికెట్టు మిషను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నీకు టికెట్టు లేదుమ్మా. దానికుండాది." అని లగేజీ కింద నలభై రూపాయలు తీసుకున్నాడు. అలా ఆ బస్సులో నేను ఊరికే ప్రయాణం చేశాను, నా ఇంజిను డబ్బులిచ్చి ప్రయాణం చేసింది. చంద్రగిరి దాటాక నా పక్కన కూర్చున్న పెద్దామె మూటకు తగలకుండా రెండు కాళ్ళూ పైకి ముడుచుకుంది. "ఏ సామిది తల్లీ?" అని మెల్లగా అడిగింది. విగ్రహాన్ని తీసుకుపోతున్నానని అనుకున్నట్టుంది. సామి కాదు, ఇంజిను అన్నాను. "యాదైతే ఏమిలే, కాణిపాకం పోతాండాది గదా," అని ఆమె ఎందుకైనా మంచిదని మూటకు దండం పెట్టుకుంది.

ఎనిమిదిన్నరకు కాణిపాకంలో దిగాను. బస్టాండు దగ్గర పొంగలి, వడ, కాఫీ కలిపి డెబ్బై రూపాయలయ్యాయి. అక్కడి నుంచి ఐరాలకు షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. మనిషికి ముప్పై, మూటకు ఇంకో ముప్పై ఇచ్చాను. తొమ్మిదిన్నరకల్లా ఖాజా రేకుల షెడ్డు ముందు ఉన్నాను. ఖాజాకు యాభై ఏళ్ళుంటాయి. తెల్లగడ్డం, చెవి వెనక పెన్సిలు. మూట విప్పి, ఇంజినును ముందు వాసన చూసి, తరవాత తాడు లాగి చూశాడు. "గుంజుడు గట్టిగుండాది. మంచి సరుకక్కా," అన్నాడు. నన్నే మెచ్చుకున్నంత సంతోషమైంది.

బండిని చూసి మొదట కొంచెం దిగులుపడ్డాను. నాలుగు చక్రాలు, ఇనుప గొట్టాల చట్రం, ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, వెనక సామాను వేసుకునే పలక. క్లచ్చుకు బదులు చేతి లివరు ఉంది. దాన్ని లాగితే బెల్టు బిగుసుకుని బండి కదులుతుంది, వదిలితే బెల్టు జారి నిలబడుతుంది. ఖాజా బోల్టులు బిగించి, పుల్లీ ఎక్కించి, బెల్టు తొడిగేసరికి ఒంటిగంట దాటింది. ఆయన ఇంట్లోనే నాకు అన్నం పెట్టారు. రెండుంబావుకు లీటరు పెట్రోలు పోసి, తాడు లాగి, కుర్చీలో కూర్చుని, ఫస్టు గేరు వేసి, లివరు లాగాడు.

బండి వెనక్కి పోయింది. పోయి, షెడ్డు వెనకున్న గడ్డివామిలో సగం దాకా దూరి నిలబడింది. ఖాజా గడ్డిలోనే కూర్చుని ఇంజిను ఆపి, తలమీది గడ్డి దులుపుకుని, గేరు రాడ్డు వైపు చూశాడు. రెండో గేరు వేసి చూశాడు. ఇంకా లోపలికి పోయాడు. చివరికి రివర్సు గేరు వేస్తే బండి బుద్ధిగా ముందుకు నడిచి బయటికొచ్చింది.

కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. వ్యాను ఇంజిను తిరిగే వైపుకు నా ఇంజిను తిరగడం లేదు. అది అటు తిరిగితే ఇది ఇటు తిరుగుతోంది. అందుకని గేర్లన్నీ తలకిందులయ్యాయి.

"ఫొటోలు పంపినాను గదా ఖాజా," అన్నాను.

"ఫొటోలో ఇంజిను తిరగదు గదక్కా."

బాగుచేయాలంటే ఇంజినును తిప్పి అవతలి పక్కకు బిగించాలి, చట్రం కోసి మళ్ళీ వెల్డింగు చేయాలి, రెండు రోజుల పని. నాకు ఉన్నది రెండున్నర గంటలు. ఖాజా చెవి వెనక పెన్సిలు తీసి, దాంతో గడ్డం గోక్కుని అన్నాడు. "ముందుకు ఒక గేరుండాది. గుట్టెక్కేదానికి అది సాలు, బలమైన గేరది. మిగిలిన నాలుగూ ఊరికే వచ్చినాయి అనుకో."

ఇలాంటి బండికి నంబరు ఉండదు కాబట్టి తారురోడ్డు ఎక్కించకూడదు. మూడుంబావుకు చేల మధ్య బండిబాటన బయలుదేరాం. ఖాజా కుర్చీలో, నేను వెనక పలక మీద. ఆ ఒక్క గేరులో బండి సరిగ్గా మనిషి నడిచినంత వేగంగా పోతుంది. దారిలో ఒక గేదె మమ్మల్ని దాటిపోయింది. చెరకు తోటల దగ్గర బెల్టు జారిపోయి, దాన్ని మళ్ళీ బిగించేసరికి అరగంట పోయింది. సగం దారిలో ఉండగా వదిన ఫోన్ చేసింది. "ఆయప్ప ముందుగానే బయల్దేరినాడంట అమ్మణ్ణీ. మీయన్న తెల్లసొక్కా గూడా తొడుక్కోని కూసున్నాడు."

నేను ఖాజాను చూశాను. ఖాజా గేరు రాడ్డును చూశాడు. "ఎనక్కి పోతే గడప దాటినంత సేపక్కా," అన్నాడు.

బండిని ఎదురు తిప్పి, వెనక్కి మూడో గేరులో వదిలాడు. ఇప్పుడు నా పలకే ముందు భాగం. దారి నాకే కనబడుతుంది, స్టీరింగేమో నా వెనక మెడ తిప్పుకుని కూర్చున్న ఖాజా చేతిలో ఉంది. మొదటి మలుపులో "ఎడమకు" అన్నాను. ఖాజా తన ఎడమకు తిప్పాడు. మేమిద్దరం చెరో వైపుకు కూర్చున్నామని చెరకులోకి పోయాక గుర్తొచ్చింది. బయటికొచ్చి కుడి ఎడమలు మానేసి కొత్త ఒప్పందం చేసుకున్నాం. అప్పటి నుంచి నేను "చెరకు పక్కకు", "కాలవ పక్కకు" అని అరుస్తూ పోయాను, ఆయన అలాగే తిప్పుతూ పోయాడు. జెరాక్స్ షాపులో ఇరవై ఏళ్ళు కూర్చున్నదాన్ని, ఆ పది నిమిషాల్లో పలక అంచును ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, రెండు రోజులు వేళ్ళు ముడుచుకోలేదు.

నాలుగూ నలభైకి అన్న ఇంటి వాకిట్లోకి బండి వెనకభాగం ముందుగా ప్రవేశించాం. అన్న అరుగు మీది నుంచి లేవకుండా మమ్మల్ని కిందా మీదా చూశాడు.

"అమ్మణ్ణీ, ఇది వస్తాండాదా, పోతాండాదా?"

ఎక్కమంటే ఎక్కనన్నాడు. "ఊర్లో నగుతారు," అన్నాడు. నేను బతిమాలాను. ఖాజా బండి గొప్పతనం చెప్పబోయి, గేర్ల సంగతి దగ్గర ఆగిపోయాడు. వదిన చీర చెంగు నడుముకు దోపుకుని వచ్చి అన్న ముందు నిలబడింది.

"నగనీలే. రెండేండ్లుగా ఈ ఇంట్లో నగినోళ్ళు ఎవురుండారు? లెయ్. ఎక్కు."

అన్న లేచాడు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఖాజా పక్కన చట్రం మీద నిలబడి స్టీరింగూ లివరూ పట్టాడు. నేను పలక మీద కూర్చున్నాను. బండి ముందుకున్న ఒకే గేరులో గుట్ట దారి పట్టింది. జనరేటరు ఇంజినుకు ఒక గుణం ఉంది. బరువు పడేకొద్దీ అది తనంతట తానే పెట్రోలు ఎక్కువ తీసుకుని వేగం తగ్గకుండా చూసుకుంటుంది. షాపులో జెరాక్స్ మిషను వేయగానే గొంతు పెంచినట్టే, ఏటవాలు రాగానే గొంతు పెంచింది. బండల మధ్య ఇరుకు దారిలో చెరో పక్క జానెడు సందుతో, ఎక్కడా ఆగకుండా ఎక్కింది. వదిన మాతో నడుస్తూ మొదలుపెట్టి, మమ్మల్ని దాటిపోయి, పైన మామిడి చెట్టు కింద కూర్చుని మా కోసం ఎదురుచూసింది.

పైకి చేరాక అన్న దిగి, చెట్టు చెట్టునూ పట్టుకుంటూ నడిచాడు. ఆ తరవాత తిట్టడం మొదలుపెట్టాడు. ఎండుకొమ్మలు ఎందుకు కొట్టలేదు, ఈ పాదు ఎవడు తవ్వినాడు, ఆ మూలచెట్టుకు పురుగు పట్టేదాకా ఏం చేస్తుండారు అని, అక్కడ లేని కూలీలందరినీ పేరుపేరునా తిట్టాడు. వదిన నావైపు చూసి కళ్ళు తుడుచుకుంది. ఆయన గొంతు ఆ ఎత్తున విని ఎన్నాళ్ళయిందో.

అంతలో జేబులో ఫోన్ మోగింది. అన్న ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీశాడు.

"ఆఁ, సెప్పప్పా... ఇంటి కాడికి వొచ్చినావా? నేనాడ లేను. తోటలో ఉండా." కాసేపు విన్నాడు. "ఈ పొద్దు కుదర్దు... రేపా? రేపు గూడా తోటలోనే ఉంటా."

వారం తరవాత ఇంజిను తిప్పి బిగిస్తానని ఖాజా అన్నను అడిగాడట. అక్కర్లేదన్నాడు అన్న, పైకి పోయేదానికి తొందరేముండాది అని. ఇంట్లో మూలపడిన వస్తువును చూస్తే అది మనకేం పనికొస్తుందో ఆలోచిస్తాం. అది ఎవరికి పనికొస్తుందో ఆలోచించడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. తిరుగు ప్రయాణంలో బస్సులో నా కాళ్ళ దగ్గర ఖాళీ గోనెసంచి ఒక్కటే ఉంది. మెట్ల కింద ఇప్పుడు చీపుర్లు పెట్టుకున్నాను. అప్పుడప్పుడు అలవాటుకొద్దీ అక్కడ చీర ఎత్తి నడుస్తుంటాను.

మీరూ పాత ఇంజినును ఇలా ఎక్కడికైనా తీసుకుపోవాలనుకుంటే ఒక్క పని చేయండి. విప్పే ముందు ఒకసారి స్టార్టు చేసి, షాఫ్టు ఏ వైపుకు తిరుగుతుందో చూసి, ఇంజిను మీద సుద్దముక్కతో బాణం గుర్తు గీయండి. మెకానిక్కుకు ఫొటో కాదు, ఆ షాఫ్టు తిరుగుతున్న వీడియో పంపండి.