క్యూ, జెడ్ ఉన్న చీటీ

జూన్ రెండో వారం, సోమవారం, ఉదయం ఆరున్నర. సన్నటి వాన. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, ఐదంతస్తుల కోచింగ్ బిల్డింగ్ గేటు దగ్గర రిపోర్ట్ చేశాను. సైన్యంలో పద్దెనిమిదేళ్లు రేడియో సెట్ల మీద పనిచేసి, హవల్దారుగా రిటైరై, బోరబండలో ఇంటికి చేరి అప్పటికి మూడు నెలలు. మంచుకొండల గురించి చెప్పమని అందరూ అడుగుతారు. అక్కడి సంగతులు చాలావరకు మర్చిపోయాను. మర్చిపోలేనిది ఈ సెక్యూరిటీ గార్డు డ్యూటీ. పదకొండు నెలలు చేశాను.

కిట్: విజిల్, లాఠీ, రిజిస్టర్, వాకీటాకీ. బూట్లు మాత్రం నావే, ఆర్మీవి. సూపర్‌వైజర్ ఆర్డర్లు ఒక్క నిమిషంలో ముగించాడు.

"అన్నా, గీ సెల్లార్ నీది. సెట్ ఎప్పుడు ఆన్ ఉండాలె. బండ్లు అడ్డం పెడితే ఊకోకు."

పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా. సెల్లార్‌లో చీలమండల లోతు నీళ్లు. ఆ మొదటి రోజంతా బకెట్‌తో తోడి పోశాను.

రెండో వాకీటాకీ సెట్ లిఫ్టులో మేకుకు వేలాడేది. లిఫ్ట్ ఆపరేటర్ అరవై దాటిన మనిషి, తెనాలి నుంచి వచ్చినవాడు. పంజాగుట్టలో ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్లు సీసం అక్షరాలు ఏరి ఇంగ్లీషు పేజీలు కూర్చాడు. ప్రెస్సు మూతపడ్డాక ఈ లిఫ్టు, ఈ స్టూలు. కంట్లో శుక్లం. నన్ను "హవల్దార్ గారూ" అని పిలిచేవాడు.

మా అమ్మాయి మౌనిక నాలుగో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వచ్చేది. నేను ఆ డ్యూటీ ఒప్పుకున్నదే అందుకు. ఏడాదికి రెండు నెలల సెలవులో తప్ప దాన్ని చూసి ఎరగను. ఇంట్లో నాతో చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడేది. ఎప్పుడూ ఫోనులో ఒక ఆట. కొన్ని అక్షరాలిస్తారు, అవి ఉన్న ఇంగ్లీషు మాట కనుక్కోవాలి. ఒకరోజు ఒంటిగంటకు, భోజనం వేళ, లిఫ్టులో సెట్ తీసుకుని పిలిచింది.

"నాన్నా, జర చెప్పు. ఐదక్షరాలు. నడుమ వి ఉండాలె."

"రివర్. రోమియో, ఇండియా, విక్టర్, ఎకో, రోమియో. ఓవర్."

రేడియోలో అక్షరం తప్పు వినపడకుండా ఒక్కో అక్షరానికి ఒక్కో పేరుంటుంది. అలవాటు కొద్దీ అలా చెప్పాను. అవతల మౌనిక నవ్వింది. "మస్తు చెప్తున్నవ్ నాన్నా. కరెక్టే వచ్చింది." తనంతట తాను నన్ను అడిగిన మొదటి సంగతి అది. ఆ మర్నాటి నుంచి పన్నెండున్నరకే అన్నం తినేసి, సెట్ చేత్తో పట్టుకుని కూర్చునేవాణ్ణి.

దసరా తర్వాత సెట్ మోగడం తగ్గింది. తర్వాత ఆగిపోయింది. బ్యాటరీ చూశాను. బాగానే ఉంది. మెట్లెక్కి వెళ్తే మౌనిక లిఫ్టు ముందు నేల మీద కూర్చుని ఉంది.

"తాతా, కె, వై రెండు ఉండాలె."

"మంకీ, జాకీ, హస్కీ, కయాక్." ఆయన కళ్లు మూసుకుని గాల్లో వేళ్లు ఆడిస్తూ చెబుతున్నాడు, ప్రెస్సులో గడుల్లోంచి అక్షరాలు తీస్తున్నట్టే. "ఏ అక్షరం పక్కన ఏది కూర్చుంటుందో వేళ్లకి తెలుసమ్మా. నాకు తెలీదు."

నాకు కడుపు మండింది. శుక్లం పట్టిన ముసలాయన మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. నేను ఊళ్లో లేని పద్దెనిమిదేళ్లు ఎవరెవరు మౌనికను ఎత్తుకున్నారో, వాళ్లందరి మీదా ఉన్న మంట ఆయన మీద పడింది. సాయంత్రం ఆయనతో, "సెట్ ఇకమీద డ్యూటీకే వాడాలి" అన్నాను. "అలాగేనండి" అన్నాడు. మౌనికకూ సెట్ ముట్టొద్దని చెప్పినట్టున్నాడు. ఇక నన్నెవరూ పిలవలేదు. మౌనిక లిఫ్టు దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు.

ఫిబ్రవరిలో క్లాసు వాళ్లు మాటల పోటీ పెట్టారు. శనివారం నాలుగు గంటలకు. క్యూ, జెడ్ రెండూ ఉన్న మాటలు రాయాలి. ముందే వెతుక్కోవచ్చు, పక్కవాళ్లను అడగవచ్చు, ఫోను చూడకూడదు. మౌనిక పదిరోజులుగా ఆ పోటీ గురించే మాట్లాడింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి లిఫ్ట్ ఆయన సెల్లార్‌లోకి దిగి వచ్చాడు.

"హవల్దార్ గారూ, రేపు పంజాగుట్టలో నా కన్ను ఆపరేషనండి. అమ్మాయి పోటీకి ఉండను. ఇది ఉంచండి. ఒంటిగంటలోపు చూడండి."

మడత పెట్టిన చీటీ. జేబులో పెట్టాను. విప్పలేదు. విప్పితే మౌనికకు ఇవ్వాల్సి వస్తుందని విప్పలేదు. సర్వీసులో ఒక్క సందేశమైనా నా దగ్గర ఆగిపోలేదు.

శనివారం ఒంటిగంటకు సెట్ మోగింది.

"నాన్నా, తాత ఏమన్న ఇచ్చి పోయిండా?"

బటన్ నొక్కాను. "నెగెటివ్. ఓవర్."

"పోనీ నీకేమన్న వస్తయా?"

"క్విజ్" అన్నాను.

"గది నాకు తెల్సు నాన్నా."

ఐదున్నరకు మౌనిక దిగి వచ్చింది. మూడు మాటలు రాసిందట. గెలిచిన పిల్ల నాలుగు రాసింది. "ఒక్కటి తక్కువైంది" అంది. కళ్లు తుడుచుకుని టీ తాగడానికి రోడ్డు మీదికి వెళ్లింది. అప్పుడు చీటీ విప్పాను.

పైన తెలుగులో రెండు వాక్యాలు. "హవల్దార్ గారూ, ఇవి ఒంటిగంటకు సెట్‌లో మీరే చదవండి. మీరు పలికితే అమ్మాయికి తప్పు రాదు." కింద ఏడు మాటలు.

మౌనిక తిరిగి రాగానే చేతికిచ్చాను. నిన్నటి నుంచి నా జేబులోనే ఉందని చెప్పాను. నిలబడే చదివింది. కోపం వస్తుందనుకున్నాను. మడత పెట్టి తిరిగి నా చేతిలో పెట్టింది.

"గిది నాకు గాదు నాన్నా. నీకు రాసిండు."

లిఫ్ట్ ఆయన మళ్లీ రాలేదు. కన్ను బాగైందనీ, కూతురొచ్చి తెనాలి తీసుకుపోయిందనీ సూపర్‌వైజర్ చెప్పాడు. మే మొదట్లో విజిల్, లాఠీ, రిజిస్టర్, సెట్ అప్పగించి బోరబండ బస్సెక్కాను. మౌనిక ఇప్పటికీ ఆ ఆట ఆడుతుంది. నన్ను అడగదు.

పొద్దున్న చొక్కా జేబులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ చీటీ కళ్లముందుకొస్తుంది. కళ్లు ఆనక ఒక్కో అక్షరం బొటనవేలంత రాశాడు. వరసలు పైకీ కిందికీ పోయాయి. క్వార్ట్జ్ అన్న మాట ఎదురుగా, నేను సెట్‌లో చెబుతుంటే లిఫ్టులో కూర్చుని విని నేర్చుకున్న అక్షరాల పేర్లు, ఒక్కటీ తప్పు లేకుండా ఉన్నాయి. క్యూబెక్, యూనిఫాం, ఆల్ఫా, రోమియో, టాంగో, జులు.