మూసాపేటలో అర్ధగంట పోలండ్

తిరుపతికి చలంటే ఎంత భయమో చెప్తే మీరు నమ్మరు. దసరా వెళ్ళిందో లేదో, హఫీజ్‌పేట్‌లో ఇంకా ఫ్యాన్లు గిర్రున తిరుగుతుండగానే, మంకీ క్యాపు బయటికి తీస్తాడు. మే నెలలో కూడా వేన్నీళ్ళే పోసుకుంటాడు. భార్య రేణుక హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఒకసారి ఆమెకి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి లోపలికి వెళ్ళి, ఆ ఏసీకి తుమ్ములు పట్టుకుని మూడు రోజులు మంచం దిగలేదు. అలాంటి మనిషి పోలండ్ వెళ్ళి మంచులో పని చేస్తానంటే గల్లీ అంతా పడీపడీ నవ్వింది. నవ్వదా మరి!

అలాగని తీసిపారేయదగ్గ మనిషేం కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. స్లాబుకి కాంక్రీటు పోసే ముందు ఇనుప సలాకల్ని గళ్ళుగళ్ళుగా పరిచి, ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా సన్నటి తీగతో ముడి వెయ్యాలి. అది తిరుపతి పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎడమ చేత్తో తీగ తిప్పి కుడి చేత్తో హుక్కు మెలేశాడంటే, చూసేవాళ్ళు రెప్ప వేసేలోగా ముడి పడిపోతుంది. శేరిలింగంపల్లి నుంచి కోకాపేట దాకా ఉన్న అద్దాల మేడల్లో సగం తన ముడుల మీదే నిలబడ్డాయని అతని నమ్మకం. కాదనడానికి మనమెవరం? బస్సులో పక్క సీటువాళ్ళకి వేలు పెట్టి మరీ చూపిస్తాడు, "అండ్ల లోపలున్న ఇనుమంత నాదే" అని. వాళ్ళు ఒకసారి అద్దాల వైపు చూసి మళ్ళీ ఫోన్లో తల దూరుస్తారు.

ఈ పోలండ్ పిచ్చి ఎక్కించింది సురేంద్ర. కడప మనిషి, ఒకప్పుడు తిరుపతి పక్కనే కూర్చుని ముడులు వేసినవాడు, రెండేళ్ళ కిందట అక్కడికి వెళ్ళాడు. ఒకరోజు వీడియో కాల్ చేసి, నారింజ రంగు కోటులో, నెత్తిమీద మంచు రాలుతుండగా, "రాప్పా తిరుపతీ! ఈడ సలాకలు కట్టేటోనికి ఎంత మర్యాదనుకున్నావు! ఇంజినీరే వచ్చి చెయ్యి కలుపుతాడు" అన్నాడు. అంతే! ఆ మాట తిరుపతి బుర్రలో దిగబడిపోయింది. ఇరవై రెండేళ్ళలో అతని చెయ్యి పట్టుకున్న ఇంజినీరు ఒక్కడంటే ఒక్కడు లేడు. పాస్‌పోర్టు తీశాడు. ఏజెన్సీవాళ్ళు పెట్టిన పరీక్షలో అందరికంటే ముందు ముడులు ముగించాడు. వీసా కూడా ఖాయమన్నారు. ఇక రేణుక ఊఁ అనడమే తరువాయి.

రేణుక ఊఁ అనలేదు.

"పని వద్దంటున్ననా నేను? చలి సంగతి చెప్తున్న. ఆడ ఆర్నెల్లు చలే ఉంటదట. నువ్వు వారానికే మంచం పడ్తవు. నిన్నెవరు జూస్తరు?"

"ఆడ అందరు ఉంటలేరానే?"

"అందరు నీ లెక్క మే నెలల వేన్నీళ్ళు పోసుకుంటరా?"

తిరుపతి మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కున్నాడు. ఇంటర్ చదివే కూతురు వర్షిత పుస్తకం అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. చివరికి రేణుకే ఒక షరతు పెట్టింది. ఆమె తమ్ముడు నర్సింలు మూసాపేటలో ఒక కోల్డ్ స్టోరేజీలో సరుకులు ఎత్తే పని చేస్తాడు. కోడిమాంసం, బఠాణీలు గడ్డకట్టించి దాచే గది అది, సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద.

"అండ్ల కూసొని అర్ధగంటల రెండొందల ముడులెయ్యి. ఏసినవంటే పో. లేదంటే మల్ల ఆ ముచ్చటే ఎత్తొద్దు."

"గింతేనా!" అని ఎగిరి గంతేశాడు తిరుపతి.

ఏప్రిల్ నెల, ఆదివారం, పగలు పదకొండు గంటలు. రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. మన వీరుడు ఇంట్లోనే ముస్తాబయ్యాడు. రెండు బనీన్లు, మూడు చొక్కాలు, స్వెట్టరు, దానిమీద గొంగడి, మంకీ క్యాపు, కాళ్ళకి రెండు జతల సాక్సులు! రేణుక ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ అవతారంతోనే షేర్ ఆటో ఎక్కాడు. పక్కన ల్యాప్‌టాప్ బ్యాగుతో కూర్చున్న కుర్రాడు కాసేపు ఎగాదిగా చూసి, "అన్నా, దవాఖానకా?" అని జాలిగా అడిగాడు.

"కాదు తమ్మీ, పోలండ్‌కి" అన్నాడు తిరుపతి.

ఆ కుర్రాడు జరిగి కూర్చున్నాడు.

మూసాపేటలో దిగేసరికి తిరుపతి చెమటతో నిలువునా తడిసి ముద్దయ్యాడు. అయినా దర్జాగా కోల్డ్ స్టోరేజీ గదిలోకి నడిచి, ముందురోజే చేరవేసిన సలాకల జాలీ ముందు కూర్చున్నాడు. మొదటి నిమిషం హాయిగా కూడా ఉంది. రెండో నిమిషానికి తడి బనీను మంచుపలకై వీపుకి అతుక్కుంది. మూడో నిమిషానికి వట్టి వేళ్ళకి తీగ అంటుకుపోయింది. నాలుగో నిమిషంలో "ఓరి నాయనో, సచ్చిన!" అంటూ తలుపు తోసుకుని బయటికి ఉరికి, ఎండలో కాగుతున్న ఇనుప డ్రమ్మును రెండు చేతులా కావలించుకున్నాడు. వేసిన ముడులు పదకొండు.

రేణుక ఖాళీ డబ్బాల మీద కూలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. "పోలండ్ అయిపాయె. ఇగ ఇంటికి పోదాం పా" అంది.

తిరుపతీ నవ్వాడు గాని, లోపల ప్రాణం ఉసూరుమంది. వయసు నలభై దాటింది. ఈసారి తప్పితే మళ్ళీ ఎవరు పిలుస్తారు? అన్నం ముందు కూర్చుని కెలికి లేచాడు. అది చూసి రేణుకకి కూడా నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం నర్సింలు ఫోన్ చేసి కడిగేశాడు. "బావా, జర దిమాక్ ఉండాలె! గవన్ని ఇంటికాడనే ఏస్కొస్తరా ఎవరన్న? మేం పల్చటి అంగీతోని వస్తం. చెమట తుడుచుకొని, పొడి బట్టలు తలుపుకాడ ఏస్కుంటం. నిన్ను కొట్టింది చలి కాదు బావా, నీ చెమట!"

తిరుపతికి ప్రాణం లేచొచ్చింది. ఇక రేణుక వెంటపడ్డాడు, వంటింట్లో, బస్టాపులో, చివరికి ఆమె కంపెనీ గేటు దాకా. "ఒక్క ఛాన్స్ ఇయ్యే, ఒక్కటే!" అని వేలు చూపిస్తూ. సెక్యూరిటీవాళ్ళు నవ్వుతుంటే ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. "సరే తియ్యి, వచ్చే ఆదివారం. గంతే, ఇగ మల్ల అడుగకు. ముందు నువ్వీన్నుంచి పో!"

ఆ వారమంతా ఇంట్లోనూ సైటులోనూ ఒకటే గోల. వట్టి చేతులతో ముడులు వేసినవాడికి గ్లౌజులతో తీగ దొరకదు కదా! నలభై రెండు డిగ్రీల ఎండలో ఉన్ని గ్లౌజులు తొడుక్కుని సలాకలు కడుతుంటే, కింది అంతస్తుల పనివాళ్ళు మెట్లెక్కి వచ్చి మరీ చూసిపోయారు. ఇంట్లో కిటికీ గ్రిల్లు, మంచం కోళ్ళు, గ్యాస్ సిలిండర్ పిడి, దేన్నీ వదల్లేదు. వర్షిత కుర్చీని బల్లకి కట్టేశాడు. "డాడీ, నన్ను గూడ కట్టేస్తవా ఏంది?" అని ఆ పిల్ల మొత్తుకుంది.

రెండో ఆదివారం పల్చటి చొక్కాతో వెళ్ళాడు. తలుపు దగ్గర ఒళ్ళంతా తుడుచుకుని, పొడి బట్టలు ఒకదాని మీద ఒకటి తొడిగి, గ్లౌజులు బిగించి లోపలికి నడిచాడు. నర్సింలు పెద్ద కోటు వేసుకుని, ఫోన్లో టైము పెట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అబ్బ, ఇక చూడాలి! యాభై అయ్యాయి. వంద అయ్యాయి. ముక్కు కారి మీసం మీద గడ్డకట్టింది, చెవులు ఉన్నట్టే తెలియడం లేదు, వేళ్ళు మాత్రం ఆగలేదు. నూట యాభై దగ్గర తనకి తెలియకుండానే కూనిరాగం అందుకున్నాడు. "నూట తొంబై తొమ్మిది... రెండొందలు! ఇర్వై ఆరు నిమిషాలే బావా!" అని నర్సింలు గావుకేక పెట్టాడు. తిరుపతి హుక్కు పైకెత్తి, ఆ మంచులోనే రెండు తీన్మార్ స్టెప్పులేసి, బయటున్న రేణుకకి చెబుదామని గిర్రున వెనక్కి తిరిగాడు.

రేణుక బయట లేదు. లోపలే ఉంది. బఠాణీ పెట్టెల పక్కన, మామూలు నూలు చీరలో, చేతులు చంకల్లో దోపుకుని నిలబడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నేనొద్దన్న బావా, అక్క ఇనలే. నీకు చెప్పొద్దని సైగ చేసింది" అని నర్సింలు నసిగాడు.

తిరుపతి హుక్కు ఎక్కడ పారేశాడో అతనికే తెలియదు. తన స్వెట్టరు లాగి ఆమెకి చుట్టి, అమాంతం ఎత్తుకుని ఎండలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆమె చేతులు రుద్దుతూ, "పిచ్చి లేసిందానే నీకు? లోపల నీకేం పనే? ఏమన్నయితే?" అని తిడుతూనే ఏడ్చాడు.

పళ్ళు కొట్టుకోవడం తగ్గాక రేణుక నోరు విప్పింది. "నువ్వు ఆడికి పోయినంక, ఫోన్ల 'చలేం లేదే, మంచిగున్న' అంటవు. నాకెరికే నీ సంగతి. ఆ అబద్ధం ఎంత పెద్దదో నాకు తెల్వాలె గద. గందుకే జూసిన."

తిరుపతి ఆమె చేతులు రుద్దడం ఆపాడు. "నేను పోనే" అనబోయాడు. మాటవరసకి కాదు, నిజంగానే అనబోయాడు. రేణుక అననివ్వలేదు.

"మాటంటే మాటే. రెండొందలు ఏసినవ్ గద, పో. ఒక్కటే చెప్తున్న ఇను. చలి పెడ్తే చలి పెడ్తుందని చెప్పాలె. మంచిగున్న అన్నవో, ఆ దినమే ఇమానం ఎక్కి వచ్చి కొడ్త."

నవంబరు నెలాఖరున ఒక మధ్యాహ్నం, ఆఫీసులో కాఫీ మిషన్ తుడుస్తుంటే రేణుక ఫోను మోగింది. ఎత్తగానే పోలండ్ నుంచి గొంతు చించుకుని అరుస్తున్నాడు తిరుపతి. "రేణుకా! సంపుతున్నదే చలి! ముక్కు ఉన్నదో ఊడిపోయిందో తెలుస్తలేదే!"

రేణుక తుడిచే గుడ్డ అక్కడే వదిలేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చుట్టూ అందరూ చూస్తుండగా విరగబడి నవ్వింది. నవ్వుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

"ఇంకా చెప్పు" అంది.