రేపే కూత!

విశ్వేశ్వరరావుగారికి రేపు తప్ప ఇంకో రోజు తెలియదు. చైతన్యపురిలో ఎవరు పలకరించినా, "రేపే! రేపు పొద్దున్నే కూత పెట్టేస్తుంది!" అనేవారు.

కూత పెట్టాల్సింది మూసారాంబాగ్ పాతసామాన్ల కొట్లో దొరికిన బుల్లి ఆవిరి ఇంజను. దొరికింది ఇత్తడి బాయిలరూ సిలిండరూ మాత్రమే. పిస్టను లేదు, చక్రం లేదు, కూత గొట్టం అసలే లేదు. అవన్నీ తయారుచేస్తానని ఆయన మెట్ల కింద గదిలో కూర్చున్నారు. నీళ్ల వాల్వు తిప్పే చక్రం ఇంజను చక్రమైంది. కుక్కరు వెయిటు బాయిలరు నెత్తికెక్కింది.

"అన్నం ఎప్పుడు వండమంటారు?" అంది భార్య ఉదయలక్ష్మి.

"రేపు!" అన్నారాయన తలెత్తకుండానే.

కోస్తా నుంచి వచ్చి అద్దెకున్న రావుగారి ఈ తంతంతా ఇంటి ఓనరు మల్లేశానికి తెగ సరదా. అతను ఉద్యమం మనిషి. ఎల్బీనగర్‌లో రాస్తారోకో ముగించుకొని వస్తూ గదిలోకి తొంగిచూసేవాడు.

"రావుసాబ్, తెలంగాణ ముందొస్తదా, మీ కూత ముందొస్తదా?"

"కూతేనండీ! రేపే!"

రెండువేల తొమ్మిది డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్నారు. మల్లేశం గల్లీ అంతా మిఠాయి పంచాడు. నెల తిరక్కుండానే మాట మారింది. మల్లేశం వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇగ రాదు సాబ్."

రావుగారు ఆకురాయి పక్కన పెట్టారు. "వస్తుందండీ. ఇదీ మొండికేసింది. ఇద్దరం కలిసే ఎదురుచూద్దాం."

ఆ తర్వాత ఇంజనుకి రోజుకో జబ్బు. ఒకనాడు పిస్టను బిగుతు, ఒకనాడు ఆవిరి లీకు. మల్లేశం దాన్ని పరామర్శించి, నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు.

రెండువేల పదమూడు జులై చివర్లో ఓ సాయంత్రం టీవీలో చెప్పేశారు, తెలంగాణ ఇస్తున్నారని. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా డప్పులు, రంగులు. మల్లేశం కాళ్లు పీకేదాకా ఎగిరాడు. గల్లీలోకి తిరిగాక మాత్రం అడుగు తడబడింది. కోస్తావాళ్ల తలుపులన్నీ మూసున్నాయి. రావుసాబ్ మొహం ఎట్ల చూడాలె?

"మల్లేశంగారూ! పరిగెత్తుకురండి! ఇవాళే!"

గదిలో బాయిలరు కుతకుతలాడుతోంది. చక్రం ఒక్కసారి తటపటాయించి, గిరగిరా తిరిగింది. రావుగారు మీట నొక్కారు.

కూ...!

"వారెవ్వా!" మల్లేశం గెంతాడు. "రెండూ ఒక్కదినమే ఒచ్చినయ్! ఎట్ల కుదిరింది సాబ్?"

రావుగారు నూనెగుడ్డ కోసం అటూ ఇటూ వెతకసాగారు. ఉదయలక్ష్మి నవ్వేసింది.

"కుదరడమేంటండీ! మీరు ధర్నాకి ఢిల్లీ వెళ్లినప్పుడే కూసింది. 'మల్లేశంగారి రేపు రాకుండా మన రేపొస్తే ఆయన ఒంటరైపోతాడే' అని ఈయనే గొట్టం ఊడదీసి దాచేశారు."

మల్లేశం కళ్లార్పకుండా రావుగారిని చూశాడు. తర్వాత ఇంజన్ని స్టూలుతో సహా ఎత్తి గల్లీ నడిమధ్యన పెట్టాడు.

"కొట్టు సాబ్, ఇంకోపారి!"

కూ...! ఎదురింటి తలుపు తెరుచుకుంది. మళ్లీ కూ...! ఆ పక్కదీ తెరుచుకుంది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"ఏందే గది?"

రెండువైపులకీ మల్లేశమే గర్వంగా జవాబిచ్చాడు.

"మా రావుసాబ్ ఇంజన్! జర దగ్గరికొచ్చి చూడుండ్రి!"