కాచిగూడ దాకా వెళ్లలేకపోయిన శనివారం

మా తమ్ముడు శ్రీధర్‌కు ముప్పై నాలుగేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, రైళ్లంటే ప్రాణం. ప్రతి శనివారం అమ్మ అతన్ని అశోక్‌నగర్ నుంచి బస్సులో కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్లి, గంటసేపు ప్లాట్‌ఫాం మీద రైళ్లు చూపించి తీసుకొచ్చేది. ఇరవై ఏళ్లు అలాగే జరిగింది. 2013 వేసవిలో అమ్మ పోయింది. ఆ తర్వాత శనివారం వస్తే చాలు, శ్రీధర్ పొద్దున్నుంచీ "కాచిగూడ, కాచిగూడ" అంటూ ఇల్లంతా తిరిగేవాడు. ఆఫీసు, పిల్లలు అంటూ నేను మూడు నెలలు వాయిదా వేశాను. చివరికి ఆగస్టులో ఒక శనివారం బయల్దేరాం. ఇలాంటివాళ్లను వెంటబెట్టుకుని బస్సెక్కాలనుకునేవారి కోసం ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పదింటికి స్టాపులో ఉన్నాం. టికెట్ ఏడు రూపాయలు, సాఫీగా సాగితే అరగంట దారి. మొదటి రెండు బస్సులూ స్టాపు దాటి ముందుకు పోయి ఆగాయి. జనం పరిగెత్తి ఎక్కారు. శ్రీధర్ పరిగెత్తడు. పదీ నలభైకి మూడో బస్సు మా ఎదుటే ఆగింది. ముందు తలుపులోంచి ఎక్కి, అతను నేరుగా ఆడవాళ్ల సీట్లలో రెండో వరుస కిటికీ దగ్గరికి వెళ్లాడు. అమ్మ పక్కన ఇన్నేళ్లూ అతను కూర్చున్న చోటు అదే. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

అక్కడ ఒక కాలేజీ అమ్మాయి కూర్చుని ఉంది. శ్రీధర్ ఆమె మీదికి వంగి, చేతులు ఆడిస్తూ "జరుగు, జరుగు" అన్నాడు. ఆమె భయంతో ముడుచుకుపోయింది. ఆమె తప్పేం లేదు. గడ్డమున్న మగమనిషి అలా మీదికొస్తే నేనూ భయపడేదాన్నే. "మా తమ్ముడమ్మా, ఏం జెయ్యడు, జర ఆ సీటియ్యవా" అని నేను అడుగుతుండగానే వెనకనుంచి ఒకతను వచ్చి శ్రీధర్ కాలరు పట్టుకున్నాడు.

"ఏందిరా, ఆడోళ్ల మీద పడుతున్నవ్?"

శ్రీధర్ చెవులు మూసుకుని అరిచాడు. అతను చెంప మీద కొట్టాడు. అప్పటికి బస్సు చిక్కడపల్లి దాటుతోంది. రెండో దెబ్బకు చెయ్యెత్తేసరికి నేను మధ్యలో దూరి, "కొట్టకు అన్నా, పిచ్చోడు, వానికేం తెల్వదు" అన్నాను.

అమ్మ బతికుండగా మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనకూడదు. కానీ ఆటిజం అంటే ఏమిటో చెప్పే వ్యవధి ఆ బస్సులో లేదు. పిచ్చోడు అనగానే అందరికీ అర్థమైంది, ఎత్తిన చెయ్యి దిగింది. ఆ మాట అన్నప్పుడు శ్రీధర్ నా వైపే చూస్తున్నాడు.

కండక్టర్‌కు వికలాంగుల పాస్ చూపించాను. దాని మీద ఆటిజం అన్న పేరు లేదు, బుద్ధిమాంద్యం అని ఉంది. అతను కసురుకోలేదు. "నాకు సమజైతది అక్కా. గని బస్సు నిండ జనమున్నరు, మల్ల లొల్లయితే నేనేం జెయ్యాలె? ఆటోల తీస్కపోండి" అని నారాయణగూడ చౌరస్తాలో మమ్మల్ని దింపేశాడు.

ఆ హారన్ల మధ్య శ్రీధర్ ఫుట్‌పాత్ మీద కూలబడి ముంజేయి కొరుక్కోసాగాడు. చుట్టూ జనం మూగారు. పక్కనే ఇడ్లీ బండి నడుపుతున్నామె "ఏం జూస్తున్నరు, పోండ్రి" అని వాళ్లను పంపేసి, బుసకొడుతున్న స్టవ్వు ఆర్పి, బండి వెనక నీడలో అతనికి చోటిచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి పనికోసం వచ్చిన మనిషట.

"చెంప గట్ల వాచింది, ఎవలు గొట్టిన్రక్కా?" అంది.

నేను లేచి రోడ్డు అంచుకు వెళ్లి ఆటో కోసం చెయ్యెత్తాను.

రెండు ఆటోలు అతన్ని చూసి ఆగకుండా పోయాయి. మూడో అతను ఇంటికి యాభై రూపాయలకు ఒప్పుకున్నాడు గానీ శ్రీధర్ ఎక్కలేదు. గల్లీల వెంట ఆగుతూ నడుస్తూ రెండింటికి ఇల్లు చేరాం. దారిపొడవునా అతను నా చెయ్యి పట్టుకోలేదు.

ఇది రాస్తున్నది డిసెంబరులో. శ్రీధర్ ఇప్పుడు గేటు దాటడం లేదు. బస్సు సిబ్బందికి ఇలాంటి ప్రయాణికుల గురించి ఒక్క పూటైనా చెప్పమని, పాస్ మీద ఆటిజం అని రాయమని రెండు అర్జీలు పెట్టాను. జవాబు లేదు. రేపు అవన్నీ జరిగినా, వాణ్ని మళ్లీ బస్సెక్కించగలనన్న నమ్మకం నాకు లేదు. మీకు చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో అలాంటి మనిషిని ఎప్పుడూ ఒకరే తిప్పుతుంటే, వాళ్లు బతికుండగానే, వాళ్లను కూడా తోడు తీసుకుని మీరూ ఆ దారిన వెళ్లండి. అతను ఎక్కడ ఎక్కుతాడో, ఎక్కడ కూర్చుంటాడో, భయపడితే వాళ్లు ఏ మాట చెబుతారో అన్నీ కాగితం మీద రాసిపెట్టుకోండి.